క్లాసులో క్లైమేట్ మోడల్ నడపాలంటే: డేటా ఎక్కడ ఉండాలి, తాళం ఎవరి చేతిలో ఉండాలి

మా ల్యాబ్‌లో ఒకసారి కార్బన్ డయాక్సైడ్ రెట్టింపు చేసినా భూమి వేడెక్కలేదు. ఎనిమిది జట్లు ప్రయోగం చేస్తే ఎనిమిది జట్ల మ్యాపులూ దాదాపు తెల్లగానే వచ్చాయి, అక్కడక్కడా లేత గులాబీ చుక్కలు తప్ప. మూడు రోజులు వెతికాం. యూనిట్లు చూశాం, గ్రాఫ్ స్కేలు చూశాం, మోడల్ సెట్టింగులు ఒక్కొక్కటీ చదివాం. చివరికి తేలిందేమిటంటే, అందరూ తమ ఫలితాల్లోంచి తీసివేయాల్సిన కంట్రోల్ రన్‌ని (పోలిక కోసం ఏమీ మార్చకుండా మోడల్‌ని నడిపి ఉంచిన ఫలితాన్ని) ఎవరో తెరిచి, అందులోనే సీఓ2 రెట్టింపు చేసి, పేరు మార్చకుండా మళ్ళీ నడిపించేశారు. రెట్టింపులోంచి రెట్టింపు తీసేస్తే మిగిలేది సున్నాయే కదా. ఎవరు చేశారో తెలుసుకునే దారి లేదు, ఎందుకంటే ముప్పై మందీ ఒకే లాగిన్‌తో, గోడ మీద అంటించిన ఒకే పాస్‌వర్డ్‌తో లోపలికి వెళ్తున్నారు. అడిగితే పిల్లలు భయపడిపోయారు, అంతే.

నాకు ఎక్కువ బాధ కలిగించింది ఆ మూడు రోజులు పోవడం కాదు. రెండు జట్లు అప్పటికే ప్రాక్టికల్ రికార్డులో "సీఓ2 రెట్టింపు చేసినా ఉష్ణోగ్రతలో చెప్పుకోదగ్గ మార్పు లేదు" అని నీట్‌గా రాసేసుకున్నాయి. వాళ్ళ తప్పేమీ లేదు, కళ్ళ ముందు కనపడిందే రాశారు.

ఆ తర్వాత ల్యాబ్ మొత్తాన్ని మళ్ళీ మొదటి నుంచి కట్టుకున్నాం. యూజర్ ఖాతాలు, ఫోల్డర్ అనుమతులు అనేవి కంప్యూటర్ సెక్షన్ వాళ్ళ ఆఫీసు పని అనుకునేవాణ్ణి, కానీ ఎవరు ఏ ఫైలు మార్చారో చెప్పలేని చోట జరిగేది ప్రయోగమే కాదని ఇప్పుడు గట్టిగా నమ్ముతున్నాను. డిగ్రీ కాలేజీలో గానీ, ఇంజినీరింగ్ కాలేజీలో గానీ, ముప్పై నలభై మందికి క్లైమేట్ మోడలింగ్ నేర్పాలనుకునే టీచర్ల కోసం ఆ పద్ధతంతా ఇక్కడ రాస్తున్నాను.

ముందు ఏ సాఫ్ట్‌వేర్ అన్నది

ఈ తరహా బోధనా సాఫ్ట్‌వేర్‌లో బాగా పేరున్నది ఎడ్‌జీసీఎమ్. న్యూయార్క్‌లోని నాసా పరిశోధన సంస్థ గిస్ 1983లో ప్రచురించిన మోడల్-2 అనే క్లైమేట్ మోడల్‌ని, కొలంబియా యూనివర్సిటీ వాళ్ళు మామూలు డెస్క్‌టాప్ మీద మెనూలతో నడిపేలా మలిచారు. 1988లో గిస్ శాస్త్రవేత్త జేమ్స్ హాన్సెన్ బృందం, గ్రీన్‌హౌస్ వాయువులు పెరిగే ఎ, బి, సి అనే మూడు దారుల్లో భూమి ఎంత వేడెక్కుతుందో లెక్కగట్టింది ఈ మోడల్-2 తోనే. మోడల్ భూమిని గడులుగా విడగొట్టి లెక్కేస్తుంది, దాని గడి 8 డిగ్రీల అక్షాంశం, 10 డిగ్రీల రేఖాంశం. అంటే మన రెండు తెలుగు రాష్ట్రాలూ కలిపి ఒకటి రెండు గడుల్లో ఇమిడిపోతాయి, కాబట్టి "అనంతపురంలో ఎంత పెరుగుతుంది" అని ఆ మోడల్‌ని అడగకూడదని పిల్లలకి మొదటి రోజే చెప్పేయండి.

రెండోది క్లైమ్‌ల్యాబ్. ఆల్బనీ యూనివర్సిటీలో బ్రయన్ రోజ్ అనే ప్రొఫెసర్ తన క్లాసు కోసం తయారు చేసిన పైథాన్ ప్యాకేజీ, ఉచితం. శక్తి సమతుల్య నమూనాలు, ఒకే నిలువు గాలి స్తంభంలో రేడియేషన్ లెక్కలు సెకన్లలో వచ్చేస్తాయి, పిల్లలు కోడ్ తెరిచి చూడొచ్చు కూడా. రోజువారీ క్లాసుకి నేను వాడేది ఇదే. దీన్ని అందరికీ ఒకే చోట అందించడానికి ది లిటిలెస్ట్ జూపిటర్‌హబ్ పెట్టుకున్నాం. జూపిటర్ నోట్‌బుక్ అంటే బ్రౌజర్‌లోనే కోడ్ రాసి నడిపే పేజీ, జూపిటర్‌హబ్ దాన్ని చాలామందికి ఒకే సర్వర్ నుంచి అందిస్తుంది. ఒకే ఉబుంటు (ఒక రకం లినక్స్) సర్వర్ మీద వంద మంది లోపు వాడుకరులకి సరిపోయేలా చేసిన చిన్న జూపిటర్‌హబ్ అది. పిల్లలు బ్రౌజర్‌లో లాగిన్ అయితే చాలు, వాళ్ళ మెషీన్‌లో ఏమీ ఇన్‌స్టాల్ చేయనక్కర్లేదు. కింద సెటప్ వివరాలు క్లైమ్‌ల్యాబ్, ఈ హబ్ రెండింటివీ ఇస్తున్నాను, కానీ ఫోల్డర్లు, రన్ పేర్లు, కంట్రోల్ విషయం మీరు ఏ మోడల్ వాడినా వర్తిస్తాయి.

1. సర్వర్ ముట్టుకోకముందు ఒక కాగితం తీసుకోండి

కాగితం మీద ఎడమ వైపు మీ దగ్గర ఉండబోయే డేటా రకాలు రాయండి, పైన మనుషుల్ని రాయండి. మా దగ్గర డేటా ఐదు రకాలు తేలింది: బయట నుంచి దింపుకున్న వాతావరణ డేటా, మోడల్‌కి కావలసిన మ్యాపులూ ప్రారంభ విలువలూ, అందరికీ ఉమ్మడిగా ఉండే కంట్రోల్ రన్, పిల్లలు చేసే రన్‌లు, ఇక చివరిది పిల్లల పేర్లు, మార్కులు. మనుషులు మూడే రకాలు: విద్యార్థి, టీచరు, సర్వర్ చూసుకునే అడ్మిన్.

ఇప్పుడు ప్రతి గడిలోనూ ఒకే ప్రశ్న: ఈ మనిషి దీన్ని చదవాలా, మార్చాలా, అసలు చూడకూడదా? మొదటి మూడు రకాలనీ విద్యార్థి చదవాలి, ఎప్పుడూ మార్చకూడదు. తన రన్‌ని తను మార్చుకోవాలి, పక్క జట్టు రన్‌ని వాళ్ళు సమర్పించాక మాత్రమే చదవాలి. మార్కులు ఈ సర్వర్ మీద ఉండనే కూడదు, వాటికి వేరే చోటు చూసుకోండి. ఈ కాగితం గంటలో అయిపోతుంది, కానీ ఇది లేకుండా మొదలుపెడితే ప్రతి వారం ఎవరో ఒకరు "సార్, ఫైలు ఓపెన్ కావట్లేదు" అనడం, మీరు హడావుడిలో అన్ని అనుమతులూ తెరిచేయడం, ఆ తలుపు మళ్ళీ మూయడం మర్చిపోవడం జరుగుతుంది. చాలా ల్యాబ్‌లు పాడయ్యేది ఆ హడావుడిలోనే.

2. ఖాతాలు: మనిషికి ఒకటి, జట్టుకి కాదు

జట్టుకి ఒక లాగిన్ ఇస్తే సులువు కదా అనిపిస్తుంది. వద్దు. నలుగురు ఒకే ఖాతాలో ఉంటే మళ్ళీ ఎవరేం చేశారో తెలియని పరిస్థితే. ఖాతా మనిషికి ఒకటి ఇచ్చి, జట్టుని లినక్స్ గ్రూప్‌గా (ఒకే అనుమతులు పంచుకునే ఖాతాల గుంపుగా) చేయండి.

యూజర్‌నేమ్ ఎలా పెట్టాలన్నది చిన్న విషయంలా కనపడుతుంది గానీ కాదు. హాల్‌టికెట్ నంబరు, ఫోన్ నంబరు, ఆధార్‌లో అంకెలు ఏవీ పెట్టకండి, ఎందుకంటే యూజర్‌నేమ్ అనేది ప్రతి ఫైలు యజమాని పేరుగా అందరికీ కనపడుతుంది, నోట్‌బుక్ ఎర్రర్ మెసేజీల్లో కూడా బయటపడుతుంది. మేము సంవత్సరం, సెక్షన్, వరస సంఖ్య కలిపి పెడతాం. ఏ నంబరు ఎవరిదో తెలిపే జాబితా టీచర్ దగ్గర కాగితం మీద ఉంటుంది.

లిటిలెస్ట్ హబ్‌లో ఒక ముఖ్యమైన సంగతి ఉంది. మామూలుగా వచ్చే లాగిన్ పద్ధతిలో అడ్మిన్ యూజర్‌నేమ్ చేరుస్తాడు, ఆ పేరుతో మొదటిసారి లాగిన్ అయినవాళ్ళు ఏ పాస్‌వర్డ్ కొడితే అదే శాశ్వతం అవుతుంది. అంటే మీరు సోమవారం పేర్లు చేర్చి బుధవారం క్లాసు పెడితే, ఈ మధ్యలో ఎవరైనా పక్కవాళ్ళ పేరుతో లోపలికి వెళ్ళిపోవచ్చు. అందుకే పేర్లు చేర్చడం, అందరూ మొదటిసారి లాగిన్ అవడం ఒకే క్లాసులో, మీ కళ్ళ ముందు జరిపించండి. ఆ రోజు రాని పిల్లల పేర్లు చేర్చకుండా ఆపండి, వచ్చిన రోజు చేర్చండి.

పాస్‌వర్డ్ మర్చిపోయారంటే కంగారు అక్కర్లేదు. అడ్మిన్ పేజీలో ఆ యూజర్‌ని తీసేసి మళ్ళీ చేర్చితే కొత్త పాస్‌వర్డ్ పెట్టుకోవచ్చు, వాళ్ళ హోమ్ ఫోల్డర్‌లో ఫైళ్ళు చెక్కుచెదరవు. ఇందులో ఇంకో సంగతి కూడా ఉంది. పేజీలో యూజర్‌ని తీసేసినంత మాత్రాన ఫైళ్ళు పోవు కాబట్టి, అదే పేరు వచ్చే ఏడాది ఇంకొకరికి ఇస్తే పాత విద్యార్థి ఫైళ్ళన్నీ కొత్తవాళ్ళ చేతిలో పడతాయి. పేరులో సంవత్సరం పెట్టమన్నది అందుకే.

అడ్మిన్ హక్కు గురించి గట్టిగా చెప్పాలి. ఈ హబ్‌లో అడ్మిన్ అంటే సర్వర్ మొత్తానికీ రూట్, అందరి ఫైళ్ళూ చూడగలడు, చెరపగలడు. చురుకైన కుర్రాడని ఫైనలియర్ స్టూడెంట్‌ని అడ్మిన్ చేసేయడం చాలా చోట్ల చూశాను. ఆ కుర్రాడి మీద నమ్మకం ఉన్నా ఆ భారం అతని మీద పెట్టకూడదు. అడ్మిన్‌లు ఇద్దరు చాలు, ఒకరు సెలవు పెడితే రెండోవాళ్ళు ఉండాలి కాబట్టి ఇద్దరు. టీచర్లందరికీ కూడా అడ్మిన్ అక్కర్లేదు, వాళ్ళకి వేరే గ్రూప్ చేసి, సమర్పణ ఫోల్డర్ చదివే హక్కు ఇస్తే పని జరిగిపోతుంది. అడ్మిన్ తమ నోట్‌బుక్‌లు చూడగలడన్న విషయం పిల్లలకి మొదటి రోజే చెప్పండి. అది వాళ్ళకి తెలియాలి.

సర్వర్ కాలేజీ నెట్‌వర్క్ దాటి బయటకి కనపడేలా పెడుతున్నారంటే హెచ్‌టీటీపీఎస్ (దారిలో ఎవరూ చదవకుండా సంకేతంగా మార్చి పంపే పద్ధతి) లేకుండా ఒక్క రోజు కూడా నడపకండి. దానికి కావలసిన లెట్స్ ఎన్‌క్రిప్ట్ సర్టిఫికెట్ ఉచితం, హబ్ సెట్టింగుల్లోనే దానికి ఏర్పాటు ఉంది.

3. ఫోల్డర్లు, అనుమతులు: ఇక్కడే ఎక్కువ సమయం పెట్టండి

సర్వర్‌లోని ఎస్ఆర్‌వీ (/srv) అనే ఉమ్మడి డైరెక్టరీ కింద మూడు ఫోల్డర్లు చేశాం: మూలం, కంట్రోల్, సమర్పణ. పేర్లు సర్వర్ మీద ఇంగ్లీషు చిన్న అక్షరాల్లో (స్మాల్ లెటర్స్), ఖాళీలు లేకుండా పెట్టండి, లేకపోతే ఏదో ఒక పాత ప్రోగ్రామ్ ఎక్కడో ఆగిపోతుంది.

మూలం, కంట్రోల్ ఫోల్డర్లకి యజమాని రూట్, గ్రూప్ హబ్ వాడుకరులందరిదీ. హబ్ తనంతట తానే జూపిటర్‌హబ్-యూజర్స్ అనే గ్రూప్ చేసి పెడుతుంది, దాన్నే వాడుకోండి. అనుమతి 2750. ఇందులో 7 యజమానికి అన్నీ, 5 గ్రూప్‌కి చదవడం, లోపలికి వెళ్ళడం మాత్రమే, 0 మిగతావాళ్ళకి ఏమీ లేదు. ముందున్న 2 ఉంటే లోపల కొత్తగా చేసే ప్రతి ఫైలుకీ అదే గ్రూప్ వస్తుంది. ఆ 2 లేకపోతే అడ్మిన్ కొత్త ఫైలు వేసిన ప్రతిసారీ "నాకు ఓపెన్ కావట్లేదు" అని ఫోన్ వస్తుంది.

చాలామంది పొరపడేది ఒకటుంది, నేనూ చాలాకాలం అలాగే అనుకున్నాను. ఫైలుని చదవడానికి మాత్రమే అని పెడితే ఎవరూ చెరపలేరనుకుంటాం. లినక్స్‌లో చెరిపే హక్కు ఫైలు అనుమతి మీద ఆధారపడదు, అది ఉన్న ఫోల్డర్ అనుమతి మీద ఆధారపడుతుంది. ఫోల్డర్‌లో రాసే హక్కు ఉన్నవాళ్ళు అందులోని చదవడానికి-మాత్రమే ఫైలుని కూడా నిశ్చింతగా తీసేసి, అదే పేరుతో వేరేది పెట్టేయొచ్చు. కాబట్టి తాళం ఫోల్డర్‌కి వేయండి. కంట్రోల్ ఫైళ్ళకి ఇంకో అడుగు ముందుకెళ్ళి ఇమ్యూటబుల్ గుర్తు పెడతాం, ఆ గుర్తు తీసేదాకా రూట్ కూడా దాన్ని మార్చలేడు, చెరపలేడు. అడ్మిన్ చెయ్యి జారినా కాపాడేది అదొక్కటే.

సమర్పణ ఫోల్డర్ సంగతి వేరు, అందులో పిల్లలు రాయాలి. జట్టుకి ఒక ఉపఫోల్డర్, దాని గ్రూప్ ఆ జట్టుది, అనుమతి 3770. ఇక్కడ 3 అంటే ఇందాకటి 2, దానికి తోడు 1. ఆ 1 వల్ల ఎవరి ఫైలు వాళ్ళే చెరపగలరు, జట్టులో ఇంకొకరిది చెరపలేరు. గడువు తేదీ అయిపోగానే రాసే హక్కు తీసేసి, తరగతి మొత్తానికి చదివే హక్కు ఇస్తాం, అప్పుడు జట్లు ఒకరి ఫలితాలు ఒకరు చూసుకుని వాదించుకోవచ్చు. ఆ వాదనలున్న క్లాసే నాకు అన్నిటికంటే ఇష్టం.

ఒక చిన్న చిక్కు: విద్యార్థి ఖాతా లినక్స్‌లో తయారయ్యేది వాళ్ళు మొదటిసారి లాగిన్ అయ్యాకే, కాబట్టి జట్టు గ్రూప్‌లో చేర్చడం ఆ తర్వాతే కుదురుతుంది. చేర్చాక వాళ్ళ జూపిటర్ సర్వర్‌ని ఆపి మళ్ళీ మొదలుపెడితే గానీ కొత్త గ్రూప్ అమల్లోకి రాదు. "గ్రూప్‌లో ఉన్నాను, అయినా రావట్లేదు" అంటే పదింట తొమ్మిదిసార్లు ఇదే కారణం.

4. బయట నుంచి డేటా తెచ్చుకోవడం

మోడల్ ఫలితాన్ని నిజంతో పోల్చకపోతే పిల్లలకి అది వీడియో గేమ్ లాగే ఉంటుంది. మనకి రెండు మంచి మూలాలున్నాయి.

ఒకటి భారత వాతావరణ శాఖ గ్రిడ్ డేటా, పుణె ఆఫీసు వెబ్‌సైట్‌లో ఉచితంగా దొరుకుతుంది. రోజువారీ వర్షపాతం 1901 నుంచి, 0.25 డిగ్రీల గడులతో. ఉష్ణోగ్రత 1951 నుంచి, 1 డిగ్రీ గడులతో. బైనరీ ఫైళ్ళు ఏడాదికొకటి చొప్పున వస్తాయి. ఆ ఫైలు సరిగా దిగిందా లేదా తెలుసుకోవడానికి సులువైన లెక్క ఉంది: వర్షపాతం గ్రిడ్ 135 బై 129, ఒక్కో విలువకి 4 బైట్లు, అంటే రోజుకి 69,660 బైట్లు. మామూలు సంవత్సరం ఫైలు సరిగ్గా 25,425,900 బైట్లు ఉండాలి, లీపు సంవత్సరమైతే 25,495,560. ఒక్క బైటు తక్కువున్నా మళ్ళీ దింపండి. ఉష్ణోగ్రతది 31 బై 31, అదే లెక్కన మామూలు సంవత్సరానికి 1,403,060 బైట్లు.

ఇందులో డేటా లేని చోట వర్షపాతానికి -999, ఉష్ణోగ్రతకి 99.9 ఉంటుంది. -999 అయితే సగటు తీసినప్పుడు వర్షం మైనస్‌లో వచ్చి వెంటనే దొరికిపోతాం. 99.9 మాత్రం ప్రమాదకరం, సముద్రం మీది గడులు కలిసిపోయి సగటు 60, 70 డిగ్రీలు వస్తే సరే, నాలుగైదు గడులే కలిస్తే ఏదో ఎండాకాలం లెక్కలాగే కనపడుతుంది, ఎవరూ అనుమానించరు. అందుకే మేము పిల్లలకి అసలు బైనరీ ఇవ్వం. అడ్మిన్ ఒకసారి నెట్‌సీడీఎఫ్ అనే ఫైలు రూపంలోకి (వాతావరణ డేటాకి ఎక్కువగా వాడేది) మార్చి, ఖాళీ విలువల్ని సరిగా గుర్తించి, దాన్నే మూలం ఫోల్డర్‌లో పెడతాడు. ఒరిజినల్ బైనరీ పక్కనే వేరే ఫోల్డర్‌లో, అడ్మిన్‌లకి మాత్రమే.

రెండోది ఎరా5, అంటే కొలతల్నీ వాతావరణ మోడల్‌నీ కలిపి కట్టిన గత వాతావరణ డేటా. యూరప్ వాళ్ళ కోపర్నికస్ క్లైమేట్ డేటా స్టోర్‌లో 1940 నుంచి గంట గంటకీ, 0.25 డిగ్రీల గడులతో, భూమి మొత్తానికీ ఉంది. ఖాతా తెరిచి, ఆ డేటా లైసెన్స్‌కి ఒప్పుకున్నాక దింపుకోవచ్చు. ఇక్కడ లెక్క వేయకుండా బటన్ నొక్కితే కాలేజీ నెట్ మొత్తం కుదేలవుతుంది. భూమి మొత్తానికి గడులు 1440 బై 721, దాదాపు 10.4 లక్షలు. ఒక్క ఉష్ణోగ్రతే, ఒక్క ఏడాదికి, గంట గంటకీ అంటే 4 బైట్ల చొప్పున 36 జీబీ. అదే మన రెండు రాష్ట్రాలు పట్టేలా ఉత్తర అక్షాంశం 12.5 నుంచి 20 దాకా, తూర్పు రేఖాంశం 76.5 నుంచి 85 దాకా కత్తిరించి అడిగితే 31 బై 35 గడులు, ఏడాదికి 38 ఎంబీ. 40 ఏళ్ళకి 1.5 జీబీ. దాన్ని రోజువారీ సగటుగా మారిస్తే 63 ఎంబీ, పెన్‌డ్రైవ్‌లో ఓ మూలకి వస్తుంది. క్లాసుకి ఆ 63 ఎంబీ చాలు.

ఎరా5 దింపే ప్రోగ్రామ్‌కి మీ ఖాతా టోకెన్ కావాలి. అది మీ పాస్‌వర్డ్ లాంటిదే. దాన్ని నోట్‌బుక్ సెల్‌లో పెట్టి, ఆ నోట్‌బుక్‌ని క్లాసుకి పంచిపెట్టడం చాలా మామూలుగా జరిగే తప్పు. టోకెన్ ఎప్పుడూ హోమ్ ఫోల్డర్‌లోని దాని సొంత ఫైలులో, యజమాని మాత్రమే చదివేలా ఉండాలి. అసలు డేటా దింపే పని అడ్మిన్ ఒక్కడే చేసి మూలంలో పెడితే పిల్లలెవరికీ టోకెన్ అవసరమే రాదు, ఒకే ఫైలు ముప్పై సార్లు దిగడమూ ఉండదు.

మూలం ఫోల్డర్‌లో ప్రతి డేటాకీ పక్కనే ఒక రీడ్‌మీ ఫైలు పెట్టండి, తెలుగులోనే రాయండి. ఎక్కడి నుంచి, ఏ తేదీన, ఎవరు దింపారు, యూనిట్లు ఏమిటి, ఏం మార్పులు చేశారు, ఎలా ఉటంకించాలి. ఎరా5 ఉష్ణోగ్రత కెల్విన్‌లో ఉంటుంది, వర్షం మీటర్లలో, సమయం ప్రపంచ ప్రామాణిక సమయం యూటీసీలో. వాతావరణ శాఖ రోజు వర్షపాతమంటే ముందురోజు ఉదయం 8:30 నుంచి ఆ రోజు ఉదయం 8:30 దాకా. ఈ ఒక్క వాక్యం రీడ్‌మీలో లేకపోతే, ఒక తుఫాను రోజుని రెండు డేటాల్లో పోల్చిన జట్టు "ఒక రోజు తేడా వస్తోంది, ఏదో తప్పు" అని వారం పోగొట్టుకుంటుంది. దాంతో పాటు ప్రతి ఫైలు ఎస్‌హెచ్‌ఏ-256 సంకేతం (ఫైలుకి వేలిముద్ర లాంటిది, కొంచెం మారినా ఇదీ మారిపోతుంది) ఒక జాబితాలో రాసి పెట్టండి, నెలకోసారి మళ్ళీ లెక్కించి సరిచూస్తే ఏ ఫైలైనా మారిందేమో అర నిమిషంలో తెలిసిపోతుంది.

5. కంట్రోల్ రన్, రన్ పేర్లు

హాన్సెన్ బృందం 1988 పేపర్‌లో భవిష్యత్తు లెక్కలతో పాటు 1958 నాటి గాలితో వంద సంవత్సరాల కంట్రోల్ రన్ కూడా ఉంది. మౌనా లోవాలో సీఓ2 కొలతలు మొదలైనది ఆ ఏడాదే, అప్పుడు దాదాపు 315 పీపీఎమ్ (పది లక్షల గాలి కణాల్లో 315). బయటి నుంచి ఏ తోపూ లేకపోతే మోడల్ తనంతట తాను ఎంత ఊగుతుందో ఆ వంద ఏళ్ళ రన్ చూపిస్తుంది, దాంతో పోల్చకుండా మిగతా ఏ సంఖ్యకీ అర్థం లేదు. పిల్లలకి ఈ సంగతి చెప్పాక కంట్రోల్ ఫోల్డర్‌కి అంత తాళం ఎందుకో వేరే వివరించక్కర్లేదు.

కంట్రోల్‌ని అడ్మిన్ ఒక్కసారి నడిపి, టీచర్లు ఇద్దరు గ్రాఫులు చూసి సరే అన్నాక తాళం వేయండి. తర్వాత సెట్టింగ్ మార్చాల్సి వస్తే పాతదాన్ని ముట్టుకోకండి, కొత్త సంఖ్యతో కొత్త కంట్రోల్ చేయండి. విద్యార్థి ప్రయోగం మొదలుపెట్టేది ఎప్పుడూ కంట్రోల్ కాపీని తన ఫోల్డర్‌లోకి తెచ్చుకుని, ముందు పేరు మార్చి, ఆ తర్వాతే విలువ మార్చి. ఎడ్‌జీసీఎమ్ లాంటి మెనూల సాఫ్ట్‌వేర్‌ని ఉమ్మడి పీసీలో వాడుతున్నా ఇదే వరస.

రన్ పేరులో సంవత్సరం, జట్టు, మార్చిన అంశం, దాని విలువ, ఎన్నోసారి అన్నవి ఉండాలి. ఉదాహరణకి 2025, జట్టు 4, సీఓ2 630, రెండో రన్. "ఫైనల్", "కొత్త ఫైనల్", "ఇదే ఫైనల్" లాంటి పేర్లు మా దగ్గర ఒప్పుకోం. ప్రతి రన్‌కీ ఒక చిన్న టెక్స్ట్ ఫైలు తోడుండాలి: ఏ కంట్రోల్ నుంచి, ఏం మార్చారు, ఎందుకు, ఏం వస్తుందని అనుకున్నారు. ఆ చివరిది రన్ మొదలుపెట్టకముందే రాయాలి. మా పిల్లల్లో ఒకమ్మాయి ఉత్తర ధ్రువం వైపు తక్కువ వేడెక్కుతుందని ముందుగా రాసి, ఫలితం దానికి పూర్తి వ్యతిరేకంగా వస్తే మంచు కరగడం, ఎండ తిరిగి పోకపోవడం గురించి తనంతట తానే చదువుకుని వచ్చింది.

నెట్‌సీడీఎఫ్ వాడితే ఇంకో లాభం. నెట్‌సీడీఎఫ్ ఫైళ్ళని కత్తిరించే, సగటు తీసే సీడీఓ, ఎన్‌సీఓ లాంటి ఉపకరణాలు ఫైలు మీద చేసిన ప్రతి పనినీ దాని హెడర్‌లో (ఫైలు గురించిన వివరాలుండే భాగంలో) హిస్టరీ అనే చోట తేదీతో సహా రాసేస్తాయి. హెడర్ ఒకసారి చూస్తే ఆ ఫైలు ఏ దారిలో వచ్చిందో తెలుస్తుంది. హెడర్, మ్యాపులు చూడటానికి నాసా గిస్ వాళ్ళ పనోప్లీ ఉచితంగా దొరుకుతుంది, పిల్లలకి మౌస్‌తో పనైపోతుంది.

ప్యాకేజీలు పిల్లల్ని ఇన్‌స్టాల్ చేసుకోనివ్వకండి. క్లైమ్‌ల్యాబ్‌ని అడ్మిన్ ఒకసారి కోండా-ఫోర్జ్ అనే ఉచిత ప్యాకేజీల నిల్వ నుంచి ఉమ్మడి ఎన్విరాన్‌మెంట్‌లో పెట్టి, వెర్షన్ల జాబితా కంట్రోల్ ఫోల్డర్‌లో దాచి, సెమిస్టర్ మధ్యలో అప్‌డేట్ చేయకూడదు. ఒకే నోట్‌బుక్ ఇద్దరికి రెండు జవాబులు ఇస్తే క్లాసు అక్కడితో ఆగిపోతుంది.

6. మెమరీ, డిస్క్

హబ్ తయారుచేసిన వాళ్ళు చెప్పే లెక్క ఇది: ఒకేసారి లాగిన్ అయ్యేవాళ్ళు ఇంటూ తలా ఎంత మెమరీ, దానికి 128 ఎంబీ కలపాలి. 30 మందికి తలా 1 జీబీ అంటే 30 జీబీ దాటుతుంది, 32 జీబీ మెషీన్‌కి అది అంచు. పరిమితి పెట్టకపోతే ఒక్కరు పెద్ద ఫైలు తెరిచినా మొత్తం క్లాసు ఆగిపోతుంది, కాబట్టి హబ్ సెట్టింగుల్లో మెమరీ, సీపీయూ పరిమితులు రెండూ పెట్టండి. పైన చెప్పిన 1.5 జీబీ డేటా మొత్తం ఒకేసారి 1 జీబీ పరిమితిలో మెమరీలోకి ఎక్కదు, 63 ఎంబీది ఇట్టే ఎక్కుతుంది.

మామూలుగా 10 నిమిషాలు కదలిక లేకపోతే హబ్ ఆ విద్యార్థి సర్వర్‌ని ఆపేస్తుంది. మీరు బోర్డు మీద డెరివేషన్ చెప్తుండగానే అందరివీ ఆగిపోతాయి, దాన్ని గంటకి పెంచండి. డిస్క్ పరిమితి మాత్రం లినక్స్ కోటాతో విడిగా పెట్టాలి. తలా 5 జీబీ ఇచ్చాం, ఎవరికీ చాలలేదన్న మాట రాలేదు.

7. బ్యాకప్

కరెంటు పోవడం మన దగ్గర అరుదేమీ కాదు, యూపీఎస్ లేకుండా సర్వర్ నడపకండి. రోజూ రాత్రి ఆర్‌సింక్ అనే కాపీ ప్రోగ్రామ్‌తో వేరే మెషీన్‌కి, వారానికోసారి బయటి హార్డ్‌డిస్క్‌కి. ఆ హార్డ్‌డిస్క్ ల్యాబ్‌లో ఉండకూడదు, వేరే భవనంలో ఉండాలి. బ్యాకప్ ఉందని ధైర్యంగా ఉండటం కాదు, సెమిస్టర్‌కి ఒకసారి ఏదో ఒక జట్టు ఫోల్డర్‌ని నిజంగా వెనక్కి తెచ్చి తెరిచి చూడండి. ఎరా5 పోతే మళ్ళీ దొరుకుతుంది, పిల్లల రన్‌లు, రాతలు దొరకవు. చోటు తక్కువైతే ముందు వాటినే కాపాడుకోండి.

8. పిల్లల వివరాలు, సెమిస్టర్ ముగింపు

2023 డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ప్రకారం 18 ఏళ్ళు నిండనివాళ్ళు పిల్లలే. ఇంటర్ విద్యార్థులతో పాటు డిగ్రీ మొదటి ఏడాదిలో కూడా 17 ఏళ్ళవాళ్ళు ఉంటారు. వాళ్ళ వివరాలు తీసుకోవాలంటే తల్లిదండ్రుల అనుమతి గురించి చట్టం ప్రత్యేకంగా చెప్తోంది కాబట్టి ముందు మీ కాలేజీ ఆఫీసుతో మాట్లాడండి. నేను పాటించేది ఒక్కటే: క్లైమేట్ మోడల్ నడపడానికి పుట్టినరోజు, ఫోన్ నంబరు, ఫోటో ఏవీ అక్కర్లేదు, కాబట్టి అడగను.

సెమిస్టర్ అయ్యాక విద్యార్థులకి రెండు వారాలు సమయం ఇచ్చి, ఎవరి పని వాళ్ళు కాపీ చేసుకోమనండి. తర్వాత సమర్పణ ఫోల్డర్‌ని మొత్తంగా భద్రపరిచి, ఖాతాలు హబ్‌లోనూ లినక్స్‌లోనూ తీసేసి, హోమ్ ఫోల్డర్లు తొలగించండి. మంచి ప్రయోగాలుంటే ఆ జట్టు ఒప్పుకుంటేనే వచ్చే ఏడాది పిల్లలకి చూపించండి. బదిలీ అయి వెళ్ళిన టీచర్ ఖాతా అదే వారం మూసేయండి, ఎంత దగ్గరవాళ్ళయినా సరే.

9. క్లాసుకి ముందు రోజు సాయంత్రం

ఒక ఉత్తుత్తి విద్యార్థి ఖాతా చేసుకోండి. అడ్మిన్‌గా కాకుండా ఆ ఖాతాతో, ఒక పిల్లవాడు కూర్చునే సీటులోనే కూర్చుని లాగిన్ అవండి. మూలంలోంచి ఒక ఫైలు తెరవండి, తెరుచుకోవాలి. పక్క జట్టు ఫోల్డర్‌లోకి వెళ్ళడానికి ప్రయత్నించండి, వెళ్ళలేకపోవాలి. కంట్రోల్ రన్‌ని మీ ఫోల్డర్‌లోకి కాపీ చేసుకుని, పేరు మార్చి, సీఓ2 మార్చి నడపండి, నడవాలి. చివరిగా, నిజంగా పోగొట్టాలన్న ఉద్దేశంతోనే అసలు కంట్రోల్ ఫైలుని చెరిపేయమని ఆదేశం ఇవ్వండి. అనుమతి లేదు అన్న ఎర్రర్ తెర మీద కనపడితే, ఆ ఉత్తుత్తి ఖాతా తీసేసి, సర్వర్ అలాగే ఉంచి ఇంటికి వెళ్ళండి, రేపు పొద్దున పిల్లల్ని లోపలికి పిలవొచ్చు.